తలకట్టు

నా భార్య గీత పోయాక ఇంట్లో ఆమె రాత మిగిలింది వంటింటి డబ్బాల మీదే. కందిపప్పు, ఉలవలు, చింతపండు, సజ్జపిండి. తెల్లకాగితం ముక్కలుగా కోసి, నల్ల పెన్నుతో రాసి, అన్నం మెతుకులతో అతికించింది. సన్నటి రాత. అక్షరాలు కొద్దిగా కుడిపక్కకు వాలి ఉండేవి. తలకట్టు మాత్రం ఎవరికీ లేని తీరు. అక్షరాన్ని అంటీ అంటకుండా, దువ్వెనకు లొంగని వెంట్రుకలాగా పైకి లేచి ఉండేది. డబ్బాలు కడిగినప్పుడు ఆ కాగితాలు తడవకుండా చూసుకునేవాణ్ని.

గద్వాల పాత బస్టాండు వెనక మాది చిన్న ప్రెస్సు. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో నేనూ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి వర్షా. కంప్యూటర్ల పని ఆమిర్ చూసేవాడు. హైదరాబాదులో అక్షరాలు గీసే పని నేర్చుకుని, తల్లికి బాగాలేదని తిరిగి వచ్చినవాడు. ఒకరోజు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, ఉలవల డబ్బా ముందు నిలబడిపోయాడు. పెళ్లి కార్డులకు ఇట్లాంటి రాత ఎక్కడా దొరకదన్నాడు. ఫాంటు చేద్దామా సార్ అని అడిగాడు.

గీత పెళ్లికి ముందు పుట్టింటి ఊళ్లో బడిపిల్లలకు చదువు చెప్పేది. అప్పటి పాఠాల పుస్తకాలు రెండు నా దగ్గర ఉన్నాయి. ఆమిర్ వాటిని స్కాను చేసి, అక్షరాలను విడదీశాడు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తులు వేరు. ఒకసారి అటు చూసి మళ్లీ చూడలేకపోయాను. అది గమనించి కాబోలు, పని పూర్తయ్యేదాకా ఆమిర్ ఆ తెరను గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. అన్నీ అతుక్కున్నాక పిలిచి, మొదట ఏం కొట్టమంటారని అడిగాడు. ఉప్పు అన్నాను.

ఆ వేసవిలో పెళ్లికార్డులన్నీ ఆ రాతలోనే పోయాయి. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచినట్టుంది అనేవాళ్లు. ఆమిర్ స్నేహితులు సీడీల మీద వనపర్తికి ఒకటి, నాగర్‌కర్నూలుకు ఒకటి పట్టుకుపోయారు. చీరల దుకాణం వాళ్లు సంచుల మీద వేయించుకున్నారు. నేను వద్దనలేదు. గీత రాత ఊళ్లు తిరుగుతోందని లోపల సంతోషంగానే ఉండేది.

రెండువేల ఆరు వానాకాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ధరూరు అవతల, కృష్ణ పక్కనున్న మా అత్తగారి ఊళ్లో సర్పంచు సీటు ఆడవాళ్లకు వచ్చింది. గీత అక్క రుక్కమ్మ వదిన అక్కడే ఉండేది. మా మామకు ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి దశరథం అన్నను ఇల్లరికం తెచ్చుకున్నాడు. పొలం వదినది, సేద్యం అన్నది. ఇరవై ఏళ్లు కష్టపడినా ఊళ్లో ఆయన్ని ఫలానా వాళ్ల అల్లుడనే అనేవాళ్లు. సర్పంచు మొగుడు అనిపించుకోవాలని ఆయనకు బాగా ఉండేది. వదినను పోటీకి నిలబెట్టాడు.

కరపత్రం కోసం ప్రెస్సుకు వచ్చి, పెళ్లికార్డుల రాతే కావాలన్నాడు. వదిన తన చేత్తో ఊరికి జాబు రాసినట్టుండాలి. ఆమెకు రాయడం రాదు కదన్నా అన్నాను. చెల్లె రాస్తే అక్క రాసినట్టు కాదా తమ్మీ అన్నాడు. చివర "ఇది నా చేతిరాత" అని ఒక ముక్క పెట్టమన్నాడు. అది మాత్రం వద్దని గట్టిగా చెప్పి భోజనానికి లేచాను. నేను తిరిగి వచ్చేలోపు ఆమిర్ పక్కన కూర్చుని అది కొట్టించేశాడు. కట్టలు ఆటోకెక్కాయి.

ఊళ్లో ఆ కరపత్రం చెన్నయ్య చేతిలో పడింది. రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు, మాట చలాకీ. అతని భార్య జమ్ములమ్మ ఎదుటి అభ్యర్థి. హోటల్లో పదిమంది మధ్య కరపత్రం పైకెత్తి చదివి, ఇది మన పిల్లలకు అక్షరాలు దిద్దించిన గీత రాత, చచ్చిపోయిన మనిషి లేచొచ్చి రాసిచ్చిందా అని అడిగాడట. దశరథం అన్నకు రోషం వచ్చింది. మా ఆమే రాసింది, ఎన్నికకు ముందొచ్చే ఆదివారం బడి బోర్డు మీద అందరి ముందు రాయిస్తానని పందెం కట్టినట్టు చెప్పి వచ్చాడు.

మర్నాడు ఇద్దరూ ప్రెస్సుకు వచ్చారు. అన్న అప్పటికే ఉపాయం ఆలోచించుకున్నాడు. చేతికి కట్టు కట్టి, బర్రె తన్నిందని చెబుదామని. వదిన బల్ల మీది కరపత్రం తీసుకుని, ఆ గీతల మీద వేలు పెట్టి చూస్తోంది. ఆమెకు చదవడం రాకపోయినా ఆ రాత తెలుసు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా డబ్బాల మీద చూసిందే.

"కట్టొద్దు, గిట్టొద్దు," అంది. "నేర్సుకుంట. మర్ది నేర్పియ్యడా?"

"గీ వయసుల నీకు రాతొస్తదా?" అన్నాడు అన్న నవ్వుతూ.

"రాకుంటే అప్పుడు కట్టుదువు తీ. బర్రె యాడికి పోతది."

రోజూ మధ్యాహ్నం కలుపుతీత నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, షేర్ ఆటోలో గద్వాల వచ్చేది. కరపత్రంలోని రెండు వాక్యాలను ఆమిర్ లేత బూడిదరంగులో, పెద్ద అక్షరాలతో కాగితాల నిండా తీసిచ్చాడు. వాటి మీదుగా ఆమె పెన్నుతో దిద్దేది. పెన్నును మొదట కొడవలి పిడిలా పట్టుకునేది. బడిలో నేర్పే వరస ఆమెకు తెలియదు. ఆమిర్ అక్షరాలను ఎట్లా విడదీశాడో అదే వరసలో నేర్చుకుంది. ముందు వరసంతా అక్షరాల మొండేలు, తర్వాత గుడులూ కొమ్ములూ, ఆ తర్వాత కింద ఒత్తులు, అన్నిటికన్నా చివర తలకట్లు. నాట్లు వేసినట్టు, ఒక సాలు అయిపోయాక ఇంకో సాలు. తలకట్టు పెట్టేటప్పుడు మాత్రం పెదవి కొరుక్కునేది. అది గీత అలవాటు కూడా.

"మా నాయన ఇద్దర్ల ఒక్కర్నే బడికి పంపుతనన్నడు," అని ఒకరోజు చెప్పింది. "నేను ఎద్దుల ఎంబడి పోయిన. అది పలక పట్టుకొని పోయింది. పొద్దుమీకి వచ్చి నాకు చెప్తననేది. నాకేమో నిద్రొచ్చేది."

బాధగా ఏమీ అనలేదు. పక్కింటి సంగతిలా చెప్పింది.

ఆ రెండు వాక్యాలతో ఆగలేదు. వాటిలోని అక్షరాలు పట్టుకుని వర్ష పేరు రాసింది. గీత పేరు రాసింది. ఒకరోజు వంటింట్లోకి వెళ్లి ఎంతకూ బయటికి రాలేదు. వెళ్లి చూస్తే డబ్బాల ముందు కూర్చుని, ఒక్కొక్క పేరు కూడబలుక్కుంటూ, మూత తీసి నిజంగా అదే ఉందా అని చూస్తోంది. చింతపండు డబ్బాలో బెల్లం ఉంది. "గీ డబ్బ అబద్ధం చెప్తుంది మర్ది," అని నవ్వింది. ఆ వానాకాలంలో నేను విన్న మంచి మాట అదొక్కటే.

ఆదివారం బడి ముందు ఊరంతా చేరింది. వదిన కొత్త చీర కట్టుకుని, సుద్దముక్క పట్టుకుని, బోర్డుకేసి తిరిగింది. మొండేలు వేసింది. గుడులు పెట్టింది. ఒత్తులు వేసింది. జనానికి మొదట అదేమిటో అర్థంకాలేదు. చివరగా ఎడమ నుంచి కుడికి తలకట్లు పెట్టుకుంటూ పోయేసరికి, ఆ బోర్డు మీద గీత రాత లేచి నిలబడింది. అదే బోర్డు మీద గీత దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై అక్కడే ఉన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఒక ముసలామె మాత్రం ఇది గీతమ్మదే కదనే అంది.

ముందుగా తేరుకున్నవాడు చెన్నయ్యే.

"రాసింది, ఒప్పుకుంట," అన్నాడు. "మరి ఏ బళ్లె నేర్సింది? ఈ బళ్లెకైతే ఎన్నడు రాలే. చేతబళ్లె నేర్సిందా?"

అందరూ గొల్లుమన్నారు. దశరథం అన్న కూడా పందెం గెలిచిన ఊపులో నవ్వాడు. చేతుల నిండా సుద్దతో వదిన కూడా నవ్వింది. మాటకు మాట కలిసింది, అంతే అనుకున్నాం అందరం.

బడి పిల్లలు ఆమె చుట్టూ మూగారు. నా పేరు రాయి, నా పేరు రాయి అని పలకలు చాచారు. ఆమె మెట్ల మీద కూర్చుని, తెలియని అక్షరాలు నన్ను అడుగుతూ, వచ్చినవాళ్లందరికీ రాసిచ్చింది. ఎల్లన్న కూతురు అఖిల పేరులో ఖకారం కుదరలేదు. రెండుసార్లు చెరిపి మళ్లీ రాసింది. ఆ పిల్ల పలకను ఛాతీకి హత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

అప్పటికే చుట్టుపక్కల ఊళ్లలో విషజ్వరాలు ఉన్నాయి. రెండు రోజులకు అఖిలకు జ్వరం వచ్చింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే జీపులోనే ప్రాణం పోయింది. శవాన్ని ఇంటికి తెచ్చేసరికి, గోడకు మేకు కొట్టి తగిలించిన పలక మీద ఆ పిల్ల పేరు అట్లాగే ఉంది. చచ్చిపోయినామె రాతలో.

చెన్నయ్య మళ్లీ ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. ఆదివారం నవ్విన నోళ్లే బుధవారానికి నవ్వకుండా అదే మాట అనుకున్నాయి. చేతబడి.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. తల్లులు ఒక్కొక్కరే వదిన వాకిట్లోకి వచ్చి, గడప దాకా రాకుండా, పలకలు నేలమీద పెట్టి దూరంగా నిలబడ్డారు. ఇంటి దగ్గర కడిగేస్తే పోతుందన్న ధైర్యం వాళ్లకు లేదు.

"నువ్వే రాసినవు, నువ్వే తుడువు," అంది ఒకామె. ఆమె వదిన ఈడుది, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి బర్రెలు కాసినవాళ్లే.

వదిన కొంగు తడిపి, ఒక్కొక్క పలక తీసుకుని తుడిచింది. తుడిచే ముందు ప్రతి పేరూ పెదవులతో చదువుకుంది. అది చూసి ఒక తల్లి, మంత్రం చదువుతోందని కేక పెట్టి పలక లాక్కుని పోయింది.

ఎన్నికలో ఓడిపోయారు. మామ వంశం వాళ్ల ఓట్లు కూడా పడలేదు. గొడవ అంతటితో పోతుందనుకున్నాం. పోలేదు. ఎల్లన్న తమ్ముళ్లు ఇంటి మీదికి రాళ్లు వేశారు. బాయి దగ్గర మోటారు వైర్లు కోశారు. పెద్దమనుషులు కూర్చుని ఒక తీర్మానం చేశారు. తనకు రాత రాదనీ, ఇకమీదట కలం ముట్టనని ఆ సీమ దేవత జమ్ములమ్మ తల్లి మీద ఒట్టనీ రుక్కమ్మ కాగితం ఇవ్వాలి. ఇస్తే ఎవరూ ముట్టుకోరు.

బడి అరుగు మీద కూర్చోబెట్టారు. నేను లేచి, ఆమెకు నేనూ ఆమిరూ నేర్పించామని, ఆ రాత కంప్యూటరులో ఎట్లా ఎక్కిందో, కాగితాల మీద ఎట్లా దిద్దిందో అంతా చెప్పాను. దిద్దిన కాగితాలు కూడా చూపించాను. ఎవరూ అడ్డు రాలేదు, ఎగతాళి చేయలేదు. మర్యాదగా విన్నారు. విన్నాక ఎల్లన్న లేచాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. అన్ని తెలుసు నీకు. నా బిడ్డ పేరు రాసింది, నా బిడ్డ సచ్చిపోయింది. నీ కంపూటర్ల దీనికి జవాబున్నదా?"

నేను కూర్చున్నాను.

చెన్నయ్య మనిషి కాగితం చదివాడు. వదిన చివరిదాకా విని తల ఊపింది.

"సరే. సంతకం పెడ్త," అంది.

అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆమె ఎందుకన్నదో నాకు తెలుసు. తన పేరును అధికారం ఉన్న కాగితం మీద రాసే అవకాశం ఆమెకు అది మొదటిది. చెన్నయ్య మెల్లగా నవ్వాడు.

"రాయరాదని సంతకం పెడ్తవా? గట్లెట్ల అయితది? ఏలు పెట్టాలె."

సిరా పెట్టె ముందుకు జరిపారు. ఆమె కదల్లేదు. దశరథం అన్న లేచి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. ఒకసారి సరిగా పడలేదని రెండోసారి ఒత్తాడు. ఆమె పిడికిలి బిగించలేదు. చెయ్యిని ఆయనకు వదిలేసి, ఎదురుగా ఉన్న బోర్డు వైపు చూస్తూ కూర్చుంది. బోర్డు నల్లగా, కొత్తగా అలికినట్టు ఉంది.

ఊరు చల్లబడేదాకా గద్వాలలో ఉండమని అన్న ఆమెను మా ఇంటికి పంపాడు. వచ్చి తోల్కపోతనన్నాడు. వేరుశనగ పీకారు, కొట్టారు, అమ్మారు. ఆయన రాలేదు. ఆ పొలం ఆమె తండ్రిది, ఆ ఇల్లు ఆమె పుట్టిన ఇల్లు. ఇల్లరికం వచ్చినాయన ఊళ్లో ఉన్నాడు. ఊళ్లో పుట్టిన మనిషి మా వెనక గదిలో, వర్ష పక్కన పడుకుంటోంది. వర్ష రోజూ ఆమె మీద కాలు వేసుకుని నిద్రపోయేది. అందుకు వదిన ఏమీ అనకపోవడం, ఆ కాలు తియ్యకపోవడం నాకు పెద్ద ఊరట.

గద్వాల నిండా అప్పటికి ఆ రాతే. సంతలో చీరల సంచుల మీద, బస్టాండు ఫ్లెక్సీల మీద, గోడల మీది శ్రద్ధాంజలి పోస్టర్ల మీద. చెన్నయ్య ఊరికి కృతజ్ఞతలు చెబుతూ వనపర్తిలో వేయించిన పోస్టరు కూడా అదే రాతలో వచ్చింది. బజారుకు పోతే వదిన తల వంచుకుని నడిచేది, అయినా చదివేది.

"కండ్లకు ఒట్టు పెట్టియ్యలే గద మర్ది," అంది ఒకసారి.

ఆమె ఇంట్లో కూడా పెన్ను ముట్టలేదు. పాలవాడి లెక్క కూడా వర్షతోనే రాయించేది.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం చెన్నయ్య భార్యను తీసుకుని ప్రెస్సుకు వచ్చాడు. వదిన మా ఇంట్లో ఉందని తెలిసే వచ్చాడు. ఏ మొహమాటమూ లేదు. సర్పంచుకు చెక్కుల మీద సంతకం రావాలట. జమ్ములమ్మకు రాదు. ఊళ్లో నేర్చుకుంటే నలుగురికీ తెలుస్తుంది.

"నువ్వు చేసిచ్చినవంట గద సారూ, మసక అక్షరాల కాయితం. జర మా ఆమె పేరు మీద చెయ్యి. గా రాతలనే. మస్తుంటది."

ఆమిర్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ ఫాంటు పాడైపోయిందని, ఇప్పుడు లేదని చెప్పాడు. అతను అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

వెనక గది పరదా దగ్గర వదిన నిలబడి ఉంది.

"ఉన్నది. తీసియ్యి ఆమిర్," అంది.

ఆమెను చూడగానే చెన్నయ్యకు బీడీ గుర్తొచ్చింది. బయటికి పోయాడు. కాగితం వచ్చింది. బూడిదరంగులో పై నుంచి కింది దాకా జమ్ములమ్మ, జమ్ములమ్మ, జమ్ములమ్మ. జమ్ములమ్మ స్టూలు అంచున కూర్చుని, పెన్ను పిడికిట్లో పట్టుకుని, మొదటి అక్షరం మీదే కాగితం చించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కూడా కలుపులు తీసిన మనిషే. సర్పంచు కావాలని ఆమెను ఎవరూ అడిగి ఉండరు.

వదిన కాసేపు చూసింది. తర్వాత వెళ్లి ఆమె వెనక నిలబడి, పెన్ను పట్టుకున్న ఆ చెయ్యిని తన చేత్తో పట్టుకుంది. పెన్నును ముట్టలేదు. చెయ్యినే పట్టుకుంది.

జమ్ములమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. వాకిలి వైపు చూసింది. చెన్నయ్య వీపు కనిపిస్తోంది. మెల్లగా చెయ్యి మళ్లీ అక్కడే పెట్టింది.

మొండేలు, కొమ్ము, ఒత్తులు, తలకట్లు. రెండు చేతులూ కలిసి ఒక వరస రాశాయి, ఇంకో వరస రాశాయి. కొంతసేపటికి వదిన చెయ్యి తీసేసింది, అయినా జమ్ములమ్మ ఆగలేదు. బూడిద అక్షరాలు అయిపోయాక, కింద ఖాళీగా ఉన్న చోట సొంతంగా ఒకసారి రాసింది. రాసి, తల పైకెత్తి వదినను చూసింది. ఇట్లనేనా అక్కా అని గొణిగింది.

అప్పుడే చెప్పుల చప్పుడయింది.

"జర దూరం నిలవడు," అంది జమ్ములమ్మ గట్టిగా, వాకిట్లోకి వినపడేట్టు. చెయ్యిని చీర కుచ్చెళ్లకు రెండుసార్లు తుడుచుకుంది.

వదిన పరదా దాకా వెనక్కి జరిగింది. చెన్నయ్య ఇంకా దిద్దని కాగితాలు కొన్ని చుట్టగా చుట్టించుకుని, పైసలు బల్ల మీద పెట్టి, భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. దిద్దిన కాగితం స్టూలు మీదే ఉండిపోయింది.

వదిన వచ్చి దాన్ని తీసుకుంది. కింద ఖాళీలో రాసిన పేరును చాలాసేపు చూసింది. అది గీత రాతలా లేదు. ఫాంటులా లేదు. వంకరగా, లావుగా, ఎవరి పోలికా లేకుండా ఉంది.

"ఆఖరి మకారానికి తలకట్టు మర్సింది," అంది.

కాగితాన్ని బల్ల మీద పరిచి, పెదవి కొరుక్కుని, చూపుడువేలి గోటితో ఆ అక్షరం మీద చిన్నగా ఒక గీత గీసింది. సిరా లేదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పక్కవాటుగా పట్టుకుంటే తప్ప అది కనబడదు.